వేట రోజున నోరు మూయించిన మాట

ఇసుక మీద నెత్తళ్ల చేపలు ఆరబెట్టిన రోజది. చినుకు పడితే మా పేట ఆడవాళ్లమంతా పరుగున వెళ్లి తట్టల్లోకి ఎత్తుకుంటాం. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి రత్నం మాత్రం చేపల పక్కనే కూర్చుని, వానకి అవి తడిసిపోతుంటే చూస్తూ ఉంది. తిట్టుకుంటూ దగ్గరికి వెళ్లాను. దాని ముఖం చూశాక తిట్టు నోట్లోనే ఆగింది. అందులో కోపం లేదు, ఏడుపూ లేదు.

అప్పటికే నెల రోజులుగా సరిగ్గా తినడం లేదు. కడుపునొప్పంటూ కాలేజీ మానేస్తోంది. వయసు పొగరు అనుకున్నాను.

వారం తర్వాత మా ఆయన చేపల వేటకి వెళ్లాక, పొయ్యి దగ్గరికొచ్చి మెల్లగా అంది. "అమ్మా, నాకు బతకాలని లేదు."

మగాళ్లు సముద్రం మీద ఉన్నంతసేపూ మా ఇళ్లలో చావు మాట ఎత్తం. ఎవరైనా పోయినా పడవ ఒడ్డుకి చేరేదాకా ఆ కబురు చెప్పుకోం. అందుకే దాని నోటి మీద ఒక్కటి వేశాను. "నోర్ముయ్యే. మీ అయ్య ఏటకెల్లినాడు." అది మరి మాట్లాడలేదు. మా ఆయన క్షేమంగా తిరిగొస్తే అమ్మవారికి దండం పెట్టుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఐరన్ మాత్రలివ్వడానికి వచ్చిన, నన్ను అక్క వరసతో పిలిచే ఆశా కార్యకర్త కుమారి పిల్లని చూసి, కాసేపు మాట్లాడి, నన్ను బయటికి పిలిచింది. "అప్పా, పిల్ల సచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాదా? దాసకు."

పొయ్యి దగ్గర అది అన్న మాట చెప్పేశాను. పిల్లని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దని చెప్పి, రెండో రోజునే మా హెల్త్ సెంటర్‌కి వచ్చిన సైకియాట్రిస్ట్ మేడమ్ దగ్గరికి తనే తీసుకెళ్లింది.

బ్లడ్ టెస్టులు, థైరాయిడ్ చూశారు. "ఇది డిప్రెషన్ అమ్మా. పిల్ల బద్ధకం కాదు, మీ పెంపకం తప్పూ కాదు. తగ్గుతుంది," అన్నారు మేడమ్. మాత్రలు రాశారు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు.

మాత్రలకి పిల్ల మత్తుగా పడి ఉంటోందని పదో రోజున ఎవరికీ చెప్పకుండా నేనే ఆపేశాను. నాలుగు రోజులకి అది మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. కుమారి నన్ను దులిపేసింది. మేడమ్ డోసు మార్చి, గుణం కనిపించడానికి వారాలు పడుతుందన్నారు. అప్పుడు మేడమ్‌కి ఆ దెబ్బ సంగతి కూడా చెప్పి, చావు మాట ఎత్తితే ఆ ఆలోచన పెరుగుతుందేమోనని ఏడ్చాను.

"అడిగితే ఆ ఆలోచన పుట్టదమ్మా. లోపల ఉన్నదే బయటికొస్తుంది. రోజూ అడగండి."

"ఆయన వేటలో ఉన్నప్పుడు కూడానా?"

"అప్పుడే ముఖ్యం. ఇంట్లో మీరిద్దరే కదా."

మా ఆయనకి చెప్పడానికి భయపడ్డాను. చివరికి చెబితే ఆయన అంతా విన్నాడు. "నా పడవ నాను సూసుకుంతాను. నువ్వు పిల్లని సూసుకో," అన్నాడు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. రత్నం కాలేజీకి వెళ్తోంది. నెలకోసారి కుమారితో కలిసి హైస్కూలు పిల్లల దగ్గరికెళ్లి తన సంగతి చెబుతోంది. మాత్రలు ఇంకా వాడుతోంది.

ఈ రోజు పొద్దున్న పడవ వెళ్లాక గంజి పోస్తూ అడిగాను. "ఆ ఆలోచన ఏటైనా వచ్చిందేటే?"

"నిన్న కాసింత వచ్చిందమ్మా. నీకు సెప్దామనుకున్నాను."

భయమేసింది. అయినా పక్కన కూర్చుని మొత్తం విన్నాను, తర్వాత ఇద్దరం కుమారికి ఫోన్ చేశాం.

మీ పిల్లలు ఆ మాట అంటే శకునం చూడకండి. పక్కన కూర్చుని అడగండి, ఆ రోజే ఆశా కార్యకర్తకి చెప్పండి. నా బిడ్డ నోటి మీద పడిన చెయ్యి నాదే కనుక చెబుతున్నాను.