కల్యాణి టీచర్ దారం ఫోను

కల్యాణి టీచర్ కోరుట్ల బస్టాండులో టీ తాగిన కప్పును పారెయ్యదు. కుళాయి కింద కడిగి, దస్తీతో తుడిచి, బ్యాగులో వేసుకుంటుంది. బెంచీ కింద ఖాళీ రీఫిల్లో, సీసా మూతో కనిపిస్తే అదీ బ్యాగులోకే. టీ అమ్మే పోశవ్వకు ఇది రోజూ చూసే తతంగమే.

"నీకు చాయ మీద కన్న కప్పు మీదనే పాణం ఎక్కువ టీచరమ్మా" అంటుంది.

కల్యాణి నవ్వి మల్లాపూర్ బస్సెక్కుతుంది. ఆ దారిలోని ఒక ఊళ్ళో, రెండు గదుల ప్రాథమిక పాఠశాలలో ఆమె ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ముప్పై ఒక్కమంది పిల్లలతో సైన్సు క్లబ్బు నడుపుతుంది. క్లబ్బంటే పెద్ద సరంజామా ఏమీ లేదు, ఒక అట్టపెట్టె ఉంది. వంటామె దగ్గర పచ్చిగుడ్డు అడిగి తెచ్చి ఉప్పునీళ్ళలో తేల్చడం, పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్ళు పడితే ఎర్రబడడం చూపించడం, ఇట్లాంటివే. పని చెయ్యని ప్రయోగం దగ్గర మాత్రం ఆమె పిల్లలతో ఒకే మాట అంటుంది.

"ఒకసారికి ఒక్కటే మార్చాలె. రెండు మారిస్తే దోషం దేంట్ల ఉందో తెల్వదు."

ఆ మాట ఆమెకు పుస్తకంలో దొరకలేదు. తండ్రి రాజం సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. బట్టలో చార పడితే ఆయన ముందు దారం కండె ఒక్కటి మార్చి చూసేవాడు. అదే చార మళ్ళీ వస్తేనే ఇంకోదాన్ని ముట్టుకునేవాడు.

తన కూతురు రజనికి చెవులు వినిపించవని కల్యాణి తెలుసుకున్నది కూడా ఆ పద్ధతిలోనే. మూడేళ్ళ కిందట, తన క్లబ్బులోనే.

వాళ్ళ ఇంటి పై గదిలో నేను రెండేళ్ళు అద్దెకున్నాను. బట్టలు ఆరేస్తూ, బియ్యం ఏరుతూ ఆమె ముక్కలుగా చెప్పినదాన్నే ఇక్కడ వరుసగా పేర్చాను.

రజని అయిదేళ్ళు దాటేదాకా సిరిసిల్లలో అమ్మమ్మ లసుమవ్వ దగ్గరే పెరిగింది. ఆ ఇంట్లో ముందు గది దాటితే సాంచాలే. పొద్దంతా చప్పుడు. అక్కడ ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలవరు. భుజం తట్టి, ముఖానికి ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి చెప్తారు. దారం తెగిందనడానికి ఒక వేలి సైగ, అన్నానికి ఒక సైగ. ముప్పై ఏళ్ళ సాంచాల పనికి రాజం వినికిడి చాలావరకు పోయింది. ఆ వీధిలో అతని ఈడు మగవాళ్ళు చాలామంది అంతే. అందుకే పిలిస్తే పలకని పిల్ల ఆ ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. నాలుగేళ్ళప్పుడు రజనికి పది రోజులు జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత పిల్ల ఇంకా గట్టిగా మాట్లాడుతుంటే, అందరి ముఖాల్లోకి ఇంకా కళ్ళప్పగించి చూస్తుంటే లసుమవ్వ మురిసిపోయింది.

"అన్నీ తాత పోలికలే" అంది.

కోరుట్లకు తెచ్చి బడిలో చేర్పించాక, అక్కడి టీచరు ఒకరోజు కల్యాణిని ఆపింది.

"మీ పాప పిలిస్తే పలుకుతలేదు మేడం. ఒకసారి చూపెట్టుండ్రి."

కల్యాణి నవ్వింది. "మా ఇంట్ల అందరం గంతే మేడం. సాంచల కాడ పెరిగిన పిల్ల. భుజం మీద తట్టి ఎదురుంగ చెప్పుండ్రి, ఇంటది."

ఆ నవ్వుకూ క్లబ్బులో ఆ శనివారానికీ మధ్య ఏడాదిన్నర గడిచింది.

ఆ రోజు రజని బడికి సెలవు. కల్యాణి కూతుర్ని తనతో తీసుకుపోయింది. క్లబ్బులో దారం ఫోను చేయిస్తోంది. రెండు టీ కప్పుల అడుగున సూదితో పొడిచి, మధ్యలో దారం కట్టి, బిగుతుగా లాగి పట్టుకోవాలి. ఒకరు కప్పులో మెల్లగా మాట్లాడితే ఇంకొకరికి చెవిలో వినిపిస్తుంది. ముఖాలు కనిపించకూడదు గనుక వీపులు తిప్పి నిలబడాలని నియమం పెట్టింది. నాలుగో తరగతి శ్రవణ్‌కు జోడీగా రజనిని నిలబెట్టింది.

"హలో, ఎవలు మాట్లాడేది?" అన్నాడు శ్రవణ్.

రజని కప్పును చెవికి ఆనించుకుని నవ్వుతూ నిలబడింది.

"టీచర్, మీ బిడ్డ ఫోన్ ఎత్తుతలేదు."

"స్విచాఫ్ అచ్చిందా?" అన్నారెవరో. పిల్లలంతా నవ్వారు. కల్యాణి కూడా నవ్వి దారాన్ని వేలితో మీటి చూసింది. బిగుతుగానే ఉంది. కప్పు మార్చింది. రజని పలకలేదు. దారం మార్చింది. పలకలేదు. మూడోసారి మాట్లాడే మనిషిని మార్చింది. శ్రవణ్‌ను తప్పించి తానే కప్పు అందుకుంది.

"రజనీ, చెయ్యి లేపు బిడ్డా."

చెయ్యి లేవలేదు. కల్యాణి పోయి, రజని చేతిలోని కప్పును ఉమారాణి అనే అయిదో తరగతి పిల్లకు ఇచ్చింది. మళ్ళీ వెనక్కి వచ్చి అదే మాట అంతే మెల్లగా అంది. ఉమారాణి వెంటనే చెయ్యి లేపింది.

"మంచిగ ఇనవడ్తుంది టీచర్."

రజని ఆ పిల్ల పక్కన నిలబడి దారం మీద వేలు పెట్టింది. తల్లి వైపు తిరిగి గట్టిగా అంది: "అమ్మా, దారం వేలికి గులగుల పెడుతుంది. మస్తుంది."

"టీచర్, ఇంకేం మార్చాలె?" అని అడిగాడు శ్రవణ్.

అతనికి ఏం చెప్పిందో కల్యాణికి గుర్తు లేదు. పిల్లలను ఆటకు వదిలేసినట్టు మాత్రం గుర్తుంది.

సోమవారం భర్త హరీశ్‌తో కలిసి కూతుర్ని జగిత్యాలలో చెవుల డాక్టరుకు చూపించింది. పిల్లను అద్దాల గదిలో కూర్చోబెట్టి చాలాసేపు పరీక్ష చేశారు. కుడి చెవి పూర్తిగా పోయిందని, ఎడమ చెవిలో కొంత మిగిలిందని డాక్టరు చెప్పాడు. జ్వరం వల్లే అయి ఉండొచ్చన్నాడు.

"ఇన్నేండ్లు మీ పెదవులు చూసుకుంట నెట్టుకచ్చిందమ్మా. బడిల ఎవలూ చెప్పలేదా?"

"చెప్పిండ్రు సార్."

"మరి?"

"నేనే నవ్విన."

డాక్టరు కాగితం మీద రాస్తూనే అన్నాడు. "చెవికి మిషన్ పెడదాం. మాట నేర్చే వయసుల ఇనకపోతే ఆ మాట మళ్ల పూర్తిగ రావడం కష్టం. అప్పుడే తీస్కస్తే బాగుండు."

తిరుగు బస్సులో రజని కిటికీ పక్కన నిద్రపోయింది.

"గా టీచర్ అన్న మాట నాకెందుకు చెప్పలే?" అన్నాడు హరీశ్.

"చెప్పేటంత మాట అనుకోలే."

అతను మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేదని కల్యాణి నాతో అంది.

సిరిసిల్లలో చెప్పడం ఇంకా కష్టమైంది. తండ్రికి ఏదైనా చెప్పాలంటే అరవాలి, అరిస్తే వాడకంతా తెలుస్తుంది. ఆమె రాజం భుజం తట్టి, ఎదురుగా నిలబడి, రజనిని చూపించి, తన చెవి ముట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపింది.

"నాకు ఇనరాదు సరే. పిల్లకెందుకు ఇనరాదు?" అన్నాడాయన. "ఎవలన్నరు?"

"డాక్టర్ అన్నడు బాపూ."

రాజం లోపలికి పోయి సాంచాలన్నీ ఆపేశాడు. పనివేళ ఆ ఇల్లు అంత నిశ్శబ్దమవడం కల్యాణి ఎన్నడూ ఎరగదు. ఆయన వచ్చి, నేల మీద సీసా మూతలతో ఆడుకుంటున్న రజని వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. పక్కింటి కుక్క మొరిగింది. రజని మూతల మీద మూత పేరుస్తూనే ఉంది.

"తాత పోలికని నేనే అన్న," అంది లసుమవ్వ. "ఊరందరికి గదే చెప్పుకున్న."

"నువ్వు కాదవ్వా. నేను టీచర్ని. దినాం ముప్పైమందిని పిలుస్త, పలుకుతున్నరా లేదా అని చూస్త. ఇంట్ల ఒక్కదాన్ని చూడకపోతి."

రాజం ఆ మాటలు వినలేదు. కూతురి పెదవులు మాత్రం చూశాడు. మనవరాలి పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.

మిషన్ పెట్టిన మొదటి రోజు రజని ఏడ్చి, దాన్ని పీకి పడేసింది. అలవాటు కావడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు గిన్నె పడితే తిరిగి చూస్తుంది. కానీ పెదవులు చూడకుండా ఒక వాక్యం మొత్తం అందుకోలేదు. 'స' అక్షరం ఆమె నోట సరిగ్గా పలకదు. తన మాట విని కొత్తవాళ్ళు నవ్వుతారని తెలిసినప్పటి నుంచి చుట్టాల ముందు నోరు విప్పడం మానేసింది.

రజని ఇప్పుడు అయిదో తరగతి, తల్లి పనిచేసే బడిలోనే చదువుతోంది. నెలకు రెండుసార్లు కల్యాణి సగం రోజు సెలవు పెట్టి, మాటలు నేర్పించడానికి ఆమెను జగిత్యాల తీసుకుపోతుంది.