గోడ మీది గండికోట

అమెరికాలో, క్యారీ ఊళ్లోని మా హాల్లో, సోఫా ఎదుటి గోడ మీద ఒక చదరం మాత్రం మిగతా గోడకన్నా తెల్లగా ఉంది. పోయిన ఆదివారం దాకా అక్కడ ఒక కోట ఉండేది. ఈ ఉదయం కూడా అలవాటు కొద్దీ కాఫీ తీసుకుని ఆ చదరం ముందే కూర్చున్నాను.

అది పందొమ్మిదో శతాబ్దపు ఫోటో. ఎవరో పోయాక వాళ్ల సామాను ఇంట్లోనే పరిచి అమ్ముతుంటే మావారికి దొరికింది. డికాక్షన్ రంగు. కొండ మీద కూలిన బురుజులు, కింద నది, పడిపోయిన రాతి మీద కోటూ టోపీతో బొటనవేలంత మనిషి. కోట ఎంత పెద్దదో తెలియడానికి ఆ రోజుల్లో అలా ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టేవారట. "మా గండికోటే! కింద పెన్నేరు కనపడ్ల్యా నీకు?" అన్నారు మావారు. మరి ఆ టోపీ ఏమిటంటే, దొరల కాలం కదా అని తేల్చేశారు. శనివారాలు భోజనానికొచ్చే స్నేహితులూ తక్కువవాళ్లేం కాదు. నెల్లూరాయన "కాదన్నా, ఇది మా ఉదయగిరి" అనేవాడు. గుంటూరావిడ కొండవీడని ఒట్టేసేది. వాళ్ల వాదన తేలేలోగా నా పప్పు చల్లారిపోయేది.

ఒకసారి పక్కింటి అమెరికన్ పెద్దావిడ యాపిల్ పై తెచ్చి, ఫోటో చూసి, పళ్లెం పట్టుకునే నిలబడిపోయింది. అది జర్మనీలో రైన్ నది ఒడ్డు కోటట. వాళ్ల ముత్తాతలు ఆ కింది ఊరివాళ్లట. అలాంటి ఫోటోనే వాళ్ల నానమ్మ గదిలో ఉండేదట. మావారు నాలుగు రోజులు ముఖం మాడ్చుకుని, తర్వాత తనే వెళ్లి ఆవిణ్ణి కాఫీకి పిలిచారు. అది మొదలు ఆదివారాలు ఇద్దరూ దాని ముందు చేరి ఎవరి కోట కబుర్లు వాళ్లు చెప్పుకునేవారు. తమాషా ఏమిటంటే, ఆవిడ జర్మనీ మొహమే చూడలేదు. ఈయన జమ్మలమడుగులో పుట్టి కూడా గండికోటలో కాలు పెట్టలేదు. "పక్కనే ఉండాది కదా, యాడికి పోతాదిలే అనుకున్యా," అనేవారు.

మావారు పోయాక కూడా ఆవిడ ఆదివారాలు మానలేదు. ఆ ఒక్క పూట కోసమే వారమంతా గడిపేదాన్ని. పోయిన ఆదివారం ఆవిడ కొడుకు, ఇక తన దగ్గరే ఉంచుకుంటానంటూ ఆవిణ్ణి ఒహాయో తీసుకుపోవడానికి వచ్చాడు. ఆవిడ గోడకేసి చూసింది గానీ అడగలేదు. నేనే మేకు నుంచి తీసి, పాత చీరలో చుట్టి, కార్లో ఆవిడ ఒళ్లో పెట్టాను.

"థాంక్యూ ఫర్ గండికోటా," అంది.

ఆ మాట మావారు వినాల్సింది. కారు మలుపు తిరిగాక ఏడ్చాను.

కోట కూలడానికి శతాబ్దాలు పట్టి ఉంటుంది. నా గోడ ఖాళీ కావడానికి ఒక ఆదివారం చాలింది.