హజరత్తయ్య గారి చార్జింగు

హజరత్తయ్య గారు తమ ఫోనుకు తమ ఇంట్లో చార్జింగు పెట్టుకోరు. ఆయనను గురించి ఊళ్ళో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా చివరికి ఈ వాక్యం దగ్గరికే వచ్చి ఆగుతారు. ఆయనకు ఇల్లు లేదా అంటే, ఉంది. కరెంటు లేదా అంటే, అదీ ఉంది. హాల్లో, పడకగదిలో, వంటింట్లో బిగించిన ప్లగ్గులన్నీ కొన్ననాటి నిగారింపుతోనే ఉన్నాయి. వాటిలో ఒకదానిలో సాలీడు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్ళకు వేరు కాపురాలు కూడా పెట్టించింది.

తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో మా ఊరు. ఆయన పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకొని, చార్జరు వైరును ఉత్తరీయంలాగా మెడలో వేసుకొని బయలుదేరుతారు. ఏదో ఒక గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, ఒక్క పది నిమిషాలు చార్జింగు పెట్టుకుంటానమ్మా" అంటారు. ఆ పది నిమిషాలు పూర్తయ్యేసరికి ఆ ఇంట్లో అన్నం వార్చడమూ, కూర తాలింపూ కూడా అయిపోతాయి.

ఆయన లెక్కలో మనుషుల గుణగణాలు గోడల మీద తెలుస్తాయి. ఊళ్ళో ఒకరు తమ అమ్మాయికి మనుబోలు నుంచి సంబంధం వచ్చిందనీ, పిల్లవాడి పేరు మధుబాబు అనీ చెప్పి, "మీకు వాళ్ళు తెలుసంట గదా, ఎట్టాంటోళ్ళు?" అని అడిగారు.

"బంగారమంటి కుటుంబం. ప్లగ్గులు బిగుతుగా ఉండాయి" అన్నారు హజరత్తయ్య గారు.

ఆ సంబంధమే ఖాయమైంది. నిశ్చితార్థంలో పురోహితులు మైకు ముందు లగ్నపత్రిక చదువుతుండగా, వరుడి గోత్రం దగ్గర మైకు ఆగిపోయింది. "ఎవురయ్యా వైరు పీకింది?" అని మైకుసెట్టు అతను కేకలు వేశాడు.

వేదిక వెనుకనుంచి సమాధానం వచ్చింది. "నేనే నాయనా. ఒక్క పది నిమిషాలు నోటితో చదవమను. మా ఫోను పోయే పరిస్థితిలో ఉండాది."

పురోహితులు ఒళ్ళు మండి గొంతెత్తి చదివారు. మైకు లేకపోవడం వల్ల లగ్నపత్రిక ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించిన శుభకార్యం మా మండలం మొత్తం మీద అదొక్కటే.

ఆయన చెయ్యి పడని ప్లగ్గులు ఒక్క రొయ్యల గుంటల దగ్గరే ఉన్నాయి. అక్కడ నీటికి గాలి కొట్టే చక్రాల వైరు వంక కన్నెత్తి అయినా చూడరు. "అవి ఊపిరాడక చచ్చిపోతాయి సార్. మనదేముంది, ఫోనే గదా" అంటారు.

నేను రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజుల గది చూసుకొని పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ఇంట్లోకి వచ్చిన కాగితం ఏదీ మళ్ళీ బయటికి పోలేదు. కరెంటు బిల్లులు మీటరు పెట్టిననాటినుంచి వరుసగా ఉన్నాయి. నా భార్య ఉషారాణి పోయిన తరువాతి వారంనుంచి హజరత్తయ్య గారి మధ్యాహ్నపు మజిలీ మా ఇల్లయింది. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా ఆయన మా ఇంటినే ఎందుకు ఎంచుకొన్నారో నేను విచారించలేదు. ఆ రోజుల్లో దేన్నీ విచారించే ఓపిక నాకు లేదు.

స్మార్ట్‌ఫోను వల్ల మేలు లేదని నేననను. న్యాయం న్యాయంగానే చెప్పాలి. నేను బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి ఒకప్పుడు నెల్లూరు దాకా బస్సులో పోయి, తల ఎత్తకుండా రాసుకొనే గుమాస్తా ముందు నిలబడవలసి వచ్చేది. ఇప్పుడు మా వసారాలో కూర్చొని ఫోనుకు ముఖం చూపిస్తే చాలు, పింఛను వస్తున్నది. ఊరి పక్కన జాలర్లుండే పాళెంలో బోట్లు నీళ్ళలోకి తోసే ముందు గాలి ఎటునుంచి వస్తుందో ఫోనులో చూసుకొంటున్నారు. ఇవన్నీ ఒప్పుకొంటాను.

అయితే మా పినతండ్రి కొడుకు నరేంద్రబాబు చేసిన పని కూడా చెప్పి తీరాలి. ఎన్నాళ్ళకో నన్ను చూడటానికి వచ్చాడు. నాకు ఎదురుగా కుర్చీలో కూర్చొన్నాడు. ఫోను తీశాడు. కాసేపటికి నా ఫోను మోగింది. తీసి చూద్దును గదా, నా ఎదురుగా కూర్చొన్న మనిషి నాకొక కోతి వీడియో పంపించాడు! "చూసినావా అన్నా?" అని అడిగాడు, తల ఎత్తకుండానే. ఆ గుమాస్తా మళ్ళీ పుట్టాడా అనిపించింది. మనిషిని చూడటానికి వచ్చి కోతిని చూపించి పోవడం ఏ మర్యాదో నాకు అర్థం కాదు. ఆ వీడియోను మాత్రం చెరపలేదు. సాక్ష్యంగా ఉంచాను.

ఈ విషయంలో హజరత్తయ్య గారిని ఒప్పుకోక తప్పదు. మా ఊళ్ళో ఇంకొకరి ఇంటికి వెళ్ళి, చేతిలో ఏమీ లేకుండా కూర్చొనే మనిషి ఆయన ఒక్కరే. "చార్జింగులో ఉన్న ఫోను ముట్టుకోకూడదు సార్, పేలుద్ది" అని దాన్ని గోడకు అప్పగించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చొంటారు. ఇక ప్రశ్నలు మొదలు.

"ఏం వండుకున్నారు సార్?"

"మజ్జిగ ఉంది."

"మజ్జిగ వండేదా సార్? నేనడిగేది కూర."

రేపు మళ్ళీ వచ్చి అడుగుతారు గదా అని, సమాధానం కోసమైనా మరునాడు వంకాయో బెండకాయో వండవలసి వచ్చేది. ఒక మనిషి ప్రశ్నకు భయపడి నేను వంట నేర్చుకొన్నాను. ఇంతకంటే దౌర్జన్యం ఉంటుందా?

ఒకనాడు నాకు సహనం నశించింది. మా ఇద్దరివీ ఒకే రకం ఫోన్లు. ఆయన తమ ఫోను పెట్టెలోని పుస్తకాన్ని వచ్చిన రోజే పారేశారు. నాది బీరువాలో ఉంది. దాన్ని తీసి, సంబంధిత పుట తెరిచి, బిగ్గరగా చదివాను. "బ్యాటరీ నిండిన పిమ్మట చార్జరును వేరుచేయవలెను." తరువాత గోడ దగ్గరికి వెళ్ళి, ఆయన అప్పుడే తగిలించిన ఫోనును చూశాను.

"హజరత్తయ్య గారూ! ఇది నిండే ఉంది! నూటికి నూరు! మీరు మా గడప తొక్కేటప్పటికే నిండి ఉంది!"

ఆయన ఏమాత్రం తొణకలేదు. "అది పైపైన నిండడం సార్. కంపెనీవోళ్ళు అట్టనే చూపిస్తారు. ఒక్క పది నిమిషాలు ఉండనియ్యండి."

"నిండిన దాంట్లోకి ఇంకెక్కడ ఎక్కుతుందండీ?"

"ఆ సంగతి దానికి తెల్సు సార్. మనం మధ్యలో మాట్లాడకూడదు. ఇంతకీ ఏం వండుకున్నారు?"

ఆ వాదన ఇంకా సాగింది గాని ఫలితం లేదు. ఆయన లేచి వెళ్ళిన తరువాత చూస్తే గోడకు ఉన్నది ఆయన పాత చార్జరు. మెడలో వేసుకొని పోయింది నాది! పెట్టె, బిల్లు, వారంటీ కాగితం సహితంగా నేను భద్రపరచుకొని, పుస్తకం కోసం పెట్టె తెరిచినప్పుడు బల్ల మీద పెట్టిన కొత్త చార్జరు.

మరునాటినుంచి తుపాను గాలి పట్టుకొంది. స్తంభాలు విరిగాయి. ఊరూ పాళెమూ అంతటా కరెంటు పోయింది. ఫోన్లు ఒక్కొక్కటే కన్ను మూశాయి. వాన తెరిపి ఇచ్చిన రోజున బిల్లూ, ఖాళీ పెట్టే, ఆయన పాత చార్జరూ సంచిలో వేసుకొని, గొడుగు పట్టుకొని, హజరత్తయ్య గారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య ఆదిశేషమ్మ గారు వాకిట్లో విరిగిపడిన కొమ్మలు ఏరుతున్నారు.

"ఆయన ఈడ యాడుంటాడు సార్? పాళెంలో పోలేరయ్య ఇంటికి పోయినాడు. చార్జింగుకి."

"కరెంటే లేదు గదమ్మా!"

"ఆ మాట నేనూ అన్నా. కరెంటు లేదని చార్జింగు మానుకుంటారా అన్నాడు."

పోలేరయ్య సంగతి నాకు కొంత తెలుసు. వల లాగుతుండగా తాడు కుడిచేతికి చుట్టుకొని, వేళ్ళు నలిగిపోయాయి. నెల్లూరులో కట్టు విప్పిన డాక్టరు, వేళ్ళను రోజూ కదిలిస్తూ ఉంటే మళ్ళీ పట్టు వస్తుందనీ, ఊరుకొంటే కొయ్యబారి పోతాయనీ చెప్పాడు. కొయ్యబారితే ఇక వల పట్టలేడు. వల పట్టడం తప్ప పోలేరయ్యకు మరో విద్య రాదు. అయినా అతను గోడవైపు తిరిగి పడుకొన్నాడు. పరామర్శకు పోయినవాళ్ళ మీదికి చెంబు విసిరాడు. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని వీధిలోకి విసిరితే, పాళెంలో కుక్కలు దాన్ని పంచుకొన్నాయి.

నేను వెళ్ళేసరికి అతని భార్య అంకాలమ్మ గుమ్మంలో కూర్చొని, కొంగుతో నోరు మూసుకొని ఉంది. ఏడుస్తున్నదేమో అనుకొన్నాను. దగ్గరికి పోతే, ఆపుకొంటున్నది నవ్వు.

"లోపలికి పోబాకండి సారూ. మావోడు చార్జింగు పెడతా ఉండాడు."

"కరెంటు లేదని ఆ హజరత్తయ్య గారికి..."

"అయ్యో, గట్టిగా అనబాకండి!" అని నన్ను పక్కకు లాగింది. "ఆ పెద్దాయన రోజూ వస్తాడు సారూ. చెయ్యి ఎట్టా ఉంది అని ఒక్కనాడు కూడా అడగలా. అడిగుంటే ఆయనకూ చెంబు దెబ్బ తగిలేది. నా కళ్ళకు ఆ సందు కనపడదు అబ్బయ్యా, కాస్త పిన్ను పెట్టు అంటాడు, అంతే. మొదట్లో మావోడు ఎడం చేత్తో పెట్టబోతే, ఎడం చేత్తో పెట్టిన చార్జింగు నిలవదు అన్నాడు. పెట్టినాక ఊడిందంటాడు. తిరగేసి పెట్టినావంటాడు. పూటకు ఎన్నిసార్లు పెట్టిస్తాడో!"

నేను తొంగి చూశాను. గోడకు నా చార్జరు తగిలించి ఉంది. పోలేరయ్య లేచి కూర్చొని, హజరత్తయ్య గారి ఫోనును మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, కుడిచేతి వేళ్ళతో ఆ సన్నటి పిన్నును పట్టుకొని ఉన్నాడు. పిన్ను ఒకసారి పక్కకు జారింది. రెండోసారీ జారింది.

"తొందరేం లా. పది నిమిషాలు పట్టనీ" అన్నారు హజరత్తయ్య గారు, కప్పు వంక చూస్తూ.

పిన్ను దూరింది.

"దూరింది" అన్నాడు పోలేరయ్య.

"దూరిందా? ఎక్కుతా ఉండాదా?"

అంతదాకా ఓర్చుకొన్నాను గాని, అబద్ధం నా ఎదుట జరుగుతుంటే ఊరుకోవడం నాకు చేతకాదు. సంచిలోంచి బిల్లూ పెట్టే తీసి చేత్తో పట్టుకొని లోపలికి పోయి, "ఎక్కడినుంచి ఎక్కుతుందండీ? ఊళ్ళో కరెంటే లేదు!" అన్నాను. అంకాలమ్మ వెనక తల పట్టుకొంది. హజరత్తయ్య గారు మొదటిసారిగా తొణికారు.

పోలేరయ్య నా వంక నిదానంగా చూశాడు. "కరెంటు సంగతి ఎందుకులే సారూ. ఆ ప్లగ్గు పనిచెయ్యక శానా కాలమైంది. పోయిన వానల్లోనే కాలిపోయింది."

"ఏందీ!" అని హజరత్తయ్య గారు లేచి నిలబడ్డారు. "చచ్చిన ప్లగ్గులో పెట్టించినావా ఇన్నాళ్ళూ? ఒక్కమాట చెప్పుండొచ్చు గదా!"

"చెప్తే నువ్వు ఇంకో ఇంటికి పోతావు గదా పెద్దాయనా" అన్నాడు పోలేరయ్య.

హజరత్తయ్య గారు ఆ ప్లగ్గునూ, పోలేరయ్యనూ మార్చి మార్చి చూశారు. "నాయనా, ఈ మండలంలో నేను చూడని ప్లగ్గు లేదు. నన్నే మోసం చేసినావే!" అన్నారు. పోలేరయ్యకు నవ్వు వచ్చింది. ముందు ముక్కుతో నవ్వాడు, తరువాత భుజాలు కదిలాయి. అంకాలమ్మ గుమ్మంలో నిలబడి ఆ నవ్వును, బోటు తీరానికి వస్తుంటే చూసినట్లు చూసింది.

అప్పుడు పోలేరయ్య నా చేతిలోని పెట్టె మీది బొమ్మ చూశాడు. "ఇది మీదా సారూ?" అని గోడవైపు జరిగి, కుడి చేత్తో చార్జరును పట్టుకొని పీకబోయాడు. వేళ్ళన్నీ దాని చుట్టూ చేరాయి, కాని బిగుసుకోలేదు. చార్జరు కొంచెమే కదిలింది. అతను పెదవి కొరుక్కొని మళ్ళీ పట్టుకొన్నాడు.

నేను బిల్లు మడిచి జేబులో పెట్టుకొని, చాప మీద కూర్చొన్నాను.

"ఉండనీవయ్యా" అన్నాను. "ఇంకా నిండలేదు."