అమ్మ వేసుకున్న మాత్రలు

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగకపోయేసరికి మా చుట్టాలంతా నా భార్య వైపే చూశారు. ఏలూరులో డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేయించి, లోపం నాలో ఉందని తేల్చింది. వీర్యకణాలు బాగా తక్కువట.

తిరిగి తాడేపల్లిగూడెం వచ్చే బస్సులో నా భార్య మెల్లగా అంది.

"ఇంట్లో చెప్పకండి. ఎలాగూ నన్నే అంటున్నారు, అననివ్వండి."

నేను ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లగానే అమ్మానాన్నలతో ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాన్న అన్నం తిని లేచి వెళ్లిపోయారు. అమ్మ మాత్రం నా భార్య పక్కన చాలాసేపు కూర్చుంది.

ఆదివారం మా మేనత్త ఏలూరు నుంచి దిగింది. ఆవిడ నాన్నకి అక్క. నా భార్య పుట్టిల్లు మండవల్లి, అక్కడ మా మామగారికి చేపల మేత కొట్టుంది. నా భార్యని అక్కడికి పంపించేయమని అంతకుముందు సలహా ఇచ్చింది ఆవిడే. ఇప్పుడు సంగతి తెలిశాక అమ్మ మీదికి తిరిగింది.

"ఫోన్లో ఎవరో డాక్టరు చెప్తుంటే విన్నానమ్మా. కడుపుతో ఉన్నప్పుడు తల్లి బలానికి మాత్రలు వేసుకోకపోతే, పిల్లలకి పెద్దయ్యాక ఇలాంటివొస్తాయట. వీడు కడుపులో ఉన్నప్పుడు నువ్వు ఒక్క మాత్రన్నా మింగావా?"

"ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడని మీరూ అత్తయ్యగారూ వద్దన్నారు కదండీ."

"మేం వద్దంటే మాత్రం నీకు తెలియొద్దూ?"

"తెలిసిందండి, వదినగారూ. అందుకే వేసుకున్నాను."

అమ్మ గొంతు పెంచలేదు. నర్సు ఇచ్చిన మాత్రల్ని కందిపప్పు డబ్బాలో దాచిందట. అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు వంటింట్లో ఒక్కతే నిలబడి మింగేదట. నేను పుట్టే దాకా ఆపలేదట. ఆ మాట నేను మొదటిసారి వినడం. నాన్న కూడా అప్పుడే విన్నారు.

అత్తయ్య మాట మార్చింది. "అయితే ఆ మాత్రలే వీడికి వేడి చేశాయేమో."

అమ్మ నవ్వింది.

"వేసుకోకపోయినా నాదే తప్పు, వేసుకున్నా నాదే తప్పు. ఇంక అడగడం దేనికండీ?"

అప్పుడు నేను కల్పించుకున్నాను.

"అత్తయ్యా, డాక్టరమ్మని నేనూ అడిగానండి. తల్లి తిండికీ, మాత్రలకీ, పుట్టిన పిల్లలకి తర్వాత సంతానం కలగడానికీ సంబంధం ఉండొచ్చట, ఇంకా పరిశోధనలు చేస్తున్నారట. కానీ నా ఒక్కడి విషయంలో ఫలానాది కారణమని ఎవరూ చెప్పలేరట. మీరు మాత్రం చెప్పేస్తున్నారు."

"సరేలే. బయట మాత్రం అనకు, పరువు పోతుంది" అంది.

ఆ మాటా నేను వినలేదు. మాది ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు. పిల్లల సంగతి ఎవరు అడిగినా "లోపం నాదేనండి, మందులు వాడుతున్నాను" అని బస్తాల మధ్య నిలబడే చెప్పాను. మొదట్లో చెవులు వేడెక్కేవి. చెప్పగా చెప్పగా అలవాటైంది. ఒకాయన మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, ఆ డాక్టరమ్మ ఆసుపత్రి ఎక్కడో అడిగి వెళ్లాడు.

ఈమధ్య అత్తయ్య చిన్న కోడలికి సీమంతం చేశారు. అమ్మా, నా భార్యా, నేనూ వెళ్లాం. గాజులు తొడిగే వేళకి అత్తయ్య "పిల్లలున్నవాళ్లు ముందు రండమ్మా" అంది. వెనక వరసలో కూర్చున్న నా భార్య తల దించుకుంది. అమ్మ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని అందరి ముందు నుంచీ నడిపించుకెళ్లింది.

"మా కోడలు తొడుగుతుందండి."

"ఇప్పుడివన్నీ ఎందుకమ్మా, శుభమా అని జరుగుతుంటే" అంది అత్తయ్య.

"శుభమనే తొడిగిస్తున్నానండి."

ఎవరో గొణిగారు. కుర్చీలో కూర్చున్న ఆ అమ్మాయి ఎవరి వైపూ చూడకుండా ఎడమ చెయ్యి చాపింది.

"దీనికి తొడగండి వదినా, కుడి చెయ్యి నిండిపోయింది."

నా భార్య ఒక్కొక్కటే తొడిగింది, ఒక్క గాజూ చిట్లలేదు.

మాకింకా పిల్లల్లేరు. మందులు వాడుతున్నాం. కలిగినా కలగకపోయినా, మా అమ్మనీ నా భార్యనీ నిలబెట్టి అడిగే హక్కు ఇంక ఎవరికీ లేదు. అడగాలనుకుంటే నన్నడగమనండి.