గేదెకు నచ్చని సైలెన్సర్

అది 1974 వేసవి. పటమటలో ఆటోనగర్‌కు వెళ్ళే దారిలో నాకు మోటార్ సైకిళ్ళ రిపేరు షాపు ఉండేది. బండి ఎంత అరిస్తే అంత పరిగెడుతుందని ఆ రోజుల్లో కుర్రాళ్ళకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని నాలుగు మెతుకులు తిన్నవాణ్ణి, వాళ్ళను తిట్టలేను.

ఒకరోజు కంకిపాడు నుంచి రామ్మోహన్ అనే యువరైతు తన టూ స్ట్రోక్ బండి వేసుకుని వచ్చాడు. ఆదివారం కరకట్ట మీద బావమరిదితో పందెమట. కిందటిసారి ఓడిపోయాడు. అప్పటి నుంచి అత్తారింట్లో విస్తరి ముందు కూర్చుంటే చాలు, "బావకి మెల్లగా వడ్డించండి, ఆయనకి స్పీడు పడదు" అని ఆ బావమరిది ఒకటే ఏడిపించడం.

"సైలెన్సర్లో బాఫిల్ పీకెయ్యండి మేస్త్రీగారూ, ఊరు దద్దరిల్లాలి" అన్నాడు.

బాఫిల్ అంటే లోపల చప్పుడును అణిచే చిల్లుల గొట్టం. "అది పీకితే పెరిగేది చప్పుడేనండీ, స్పీడు కాదు" అని చెప్పి, మధ్యలో పొట్ట ఉబ్బి చివర సన్నబడే ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ అనే మరో రకం సైలెన్సర్ చూపించాను. పొగతోపాటు జారిపోబోయే పెట్రోలు గాలిని అది మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. బండి వేగం అందుకున్నాక ఇక పట్టపగ్గాలుండవు. కాకపోతే చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. ఆ మాటకే అతని ముఖం వెలిగిపోయింది. రేకు కోయించి, వెల్డింగ్ పెట్టించి, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ మార్చి బిగించాను. బందరు రోడ్డు మీద ఒక చుట్టు కొట్టొచ్చి నన్ను కావలించుకున్నాడు.

రెండ్రోజులకే తిరిగొచ్చాడు. వెనక సీటు మీద భార్య, ఆమె ఒళ్ళో నెలల పసివాడు. దిగుతూనే ఆమె అందుకుంది.

"అన్నయ్యగారూ, మా గేదె పాలు చేపట్లేదండీ! సరిగ్గా పాలు పితికే వేళకి ఈయన పొలం నుంచొస్తారు. వీధి చివర ఈ కూత వినబడితే చాలు, బెదిరిపోయి పాలు దించకుండా ఎగచేపేస్తంది. నాకు పాలు చాలవు. వీడు దాని పాల మీదే బతుకుతున్నాడు."

నాకు నవ్వొచ్చింది. పిడికిలి చీకుతున్న పసివాణ్ణి చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"ఆదివారం దాకా వేరే ఇంటి పాలు తెస్తానన్నాను కదా" అన్నాడు రామ్మోహన్.

"నిన్న తెచ్చారుగా, కక్కేశాడు. మా తమ్ముణ్ణి ఓడించండి, చప్పట్లు నేనే కొడతాను. గేదెని మాత్రం బెదరగొట్టకండి!"

పాత సైలెన్సరే మళ్ళీ బిగించి, కొత్తది షాపులో ఉంచాను. ఆదివారం ఉదయం వచ్చి మార్పించుకెళ్ళాడు.

సాయంత్రం నాలుగింటికి పందెం చూసిన గుంపంతా ఈలలేసుకుంటూ వచ్చింది. గెలిచాడు! అతని మెడలో బంతిపూల దండ. ఇదే కూతతో కంకిపాడులో ఊరేగాలని స్నేహితులు పట్టుబట్టారు. వద్దనడానికి అతనికీ మనసొప్పడం లేదని ముఖమే చెబుతోంది. కాసేపు బండి దిగకుండా అలాగే కూర్చున్నాడు. తర్వాత ఎండవైపు చూసి ఇంజన్ ఆపాడు.

"తీసెయ్యండి మేస్త్రీగారూ, పాలు పితికే వేళైంది."

నేను స్పానర్ తీసుకునేలోపే ఓడిన బావమరిది ముందుకొచ్చాడు. "ఉండు బావా, వేడిగా ఉంది, చెయ్యి కాలుద్ది. నేను విప్పుతాను" అని గోనెపట్టా చుట్టి పట్టుకుని తనే విప్పాడు. ఆ పూట వాళ్ళిద్దరి మీదా నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

ఆ తర్వాత సైలెన్సర్ కోసం ఎవరొచ్చినా, ఎంత స్పీడు కావాలని కాక, బండి ఎక్కడ పెడతారు, ఆ పక్కన ఎవరుంటారు అని ముందు అడిగేవాణ్ణి. గెలిచిన చప్పుడు ఊరికి వినిపించకుండా ఇంటికి వెళ్ళిన మనిషిని మాత్రం, నా ఇన్నేళ్ళ పనిలో అతన్నొక్కణ్ణే చూశాను.