సైదులు చిన్నాయన ఏడుపు

మా చిన్నప్పుడు... సూర్యాపేటలో సినిమా చూడటానికి మిర్యాలగూడ నుంచి ఇంటిల్లిపాదీ బస్సెక్కి పోయాం. మా సైదులు చిన్నాయన మొదటిసారి తెర మీద కనపడబోతున్నాడు మరి! నాయనమ్మ డబ్బాలో సర్వపిండి కూడా సర్దుకొచ్చింది.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. పగలు రైసుమిల్లులో వడ్లు ఆరబోసేవాడు, సాయంత్రమైతే నాటకాలు. త్రిపురారంలో తాగుబోతు వేషం కడితే జనం కడుపులు పట్టుకునేవాళ్ళు. వేములపల్లిలో పటేల్ వేషం కడితే పిల్లలం నిజంగానే జడుసుకునేవాళ్ళం. ముసలాయన నడక, పోలీసు నడక, కొత్తల్లుడి నడక... ఏ నడకకా నడక వేరు.

కోదాడలో నాటకాల పోటీలకు పోయి, కొడుకును పోగొట్టుకున్న తండ్రిగా ఏడిస్తే ముందు వరసలో పెద్దమనుషులు కూడా కండువాలతో కళ్ళొత్తుకున్నారట. ఆ ఏడుపే ఆయన్ని హైదరాబాద్ తీసుకుపోయింది.

ఆ ఏడుపు ఎట్లా ఉండేదంటే... ముందు మూడుసార్లు ఊపిరి ఎగబీల్చేవాడు, ఎక్కిళ్ళలాగా. తర్వాత కింది పెదవి లోపలికి పోయేది. ఆ తర్వాత సన్నటి కూత.

సినిమాలో మాత్రం ఆయనకిచ్చింది పెళ్ళిచూపులకొచ్చిన పెళ్ళికొడుకు వేషం. చేతిలో లడ్డూ ఎవరో లాక్కుంటే ఏడవాలి. చిన్నాయన అదే ఏడుపు ఏడ్చాడు. వెనక పీపీమని సంగీతం పెట్టారు. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. నేనైతే కుర్చీలోంచి జారి కింద పడ్డాను.

నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు.

"గట్లెందుకు నవ్వుతున్నరే? పోరడు నిజంగనే ఏడుస్తుండు. చిన్నప్పటి సంది వాని ఏడుపు గంతే... మన ఇంట్ల అందరిదీ గంతే" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముసలామెకు సినిమా అర్థం కాలేదని ఇంకా నవ్వుకున్నాం.

ఇగ చిన్నాయనకు పేరొచ్చింది. దొంగ వేషమిచ్చినా, తహసీల్దార్ వేషమిచ్చినా చివరికి ఆ ఏడుపు ఏడవాల్సిందే. ఒక్కసారి మాత్రం మంచి పాత్ర దొరికింది. చచ్చిపోయిన కూతురి ముందు కూర్చునే తండ్రి. ఆ సినిమా కోదాడలో చూశాం. ఒకప్పుడు ఆయన కోసం కళ్ళొత్తుకున్న ఊరే. తెర మీద మొదటి ఎక్కిలి పడగానే హాల్లో ఈలలు, నవ్వులు. చిన్నాయన తలకు తువ్వాల చుట్టుకుని మా పక్కనే కూర్చున్నాడు. బయటికొచ్చాక మాకు సోడాలు తాగించాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాయనమ్మ పోయింది. సినిమా యాక్టర్ వస్తాడని వాడకట్టంతా మా వాకిట్లోనే ఉంది. చిన్నాయన బస్సు దిగి ఉరుక్కుంటూ వచ్చి తల్లి కాళ్ళ మీద పడ్డాడు. మూడుసార్లు ఊపిరి ఎగబీల్చాడు. పెదవి లోపలికి పోయింది...

నేను కిసుక్కున నవ్వాను.

మొదట నేనే. తర్వాత నా పక్కనున్న పిల్లలు, ఆ వెనక కొంగులు నోట్లో కుక్కుకున్న ఆడవాళ్ళు, గోడవారన మగవాళ్ళు. అమ్మ నా తొడ గిల్లింది గానీ, ఆమె భుజాలూ కదులుతూనే ఉన్నాయి.

చిన్నాయన తలెత్తి నా వైపే చూశాడు. ఏడుపును సగంలోనే మింగేశాడు. తువ్వాలతో మొహం తుడుచుకుని, లేచి పాడె కట్టేవాళ్ళ దగ్గరికి పోయాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు మా చిన్నమ్మ, అంటే ఆయన భార్య, దవాఖానలోనే ప్రాణం వదిలింది. ఈసారి చిన్నాయన కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. రాయిలా కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించాడు, నీళ్ళిప్పించాడు.

"కెమెరా ముందలైతే గొల్లుమని ఏడుస్తడు. పెండ్లాం సస్తే సుక్క నీళ్ళు రాలే. ఏం మొగోడమ్మా!" అంది పక్కింటి అవ్వ. అందరూ తలూపారు. ఆయన ఎందుకు ఏడవడం లేదో నాకొక్కదానికే తెలుసు. అయినా నోరు విప్పలేదు. సిగ్గయింది.

దినాల నాడు ధైర్యం చేసి పక్కన కూర్చున్నాను.

"చిన్నాయనా... నాయనమ్మ పోయిన్నాడు నేను..."

"యాదున్నది బిడ్డా" అన్నాడు. తువ్వాల మడత పెడుతూ, "నాకు గట్లనే ఏడ్సుడొస్తది. ఇంకో తీరుగ రాదు" అన్నాడు.

పది రకాల నడకలు నడిచిన మనిషి... ఏడవడానికి ఇంకో తీరు తెలియదన్నాడు. నేను క్షమించమని కూడా అడగలేకపోయాను.

పోయినేడు చిన్నాయన కూడా వెళ్ళిపోయాడు. ఫోన్ల నిండా శ్రద్ధాంజలులు. అన్నిట్లోనూ అదే లడ్డూ ఏడుపు, కింద పగలబడి నవ్వే బొమ్మలు. కోదాడ నాటకం ఎవరి దగ్గరా లేదు. దాన్ని ఎవరూ వీడియో తీయలేదు.

ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. కాళ్ళు పట్టుకోగానే ఇన్నేళ్ళదీ ఒక్కసారే తన్నుకొచ్చింది నాకు. గుక్కపట్టి ఏడుస్తుంటే వెనకనుంచి చిన్న నవ్వు. నా ఎనిమిదేళ్ళ కూతురు.

"మమ్మీ... నువ్వు గూడ రీల్‌ల తాత లెక్కనే ఏడుస్తున్నవ్!"

దాన్ని ఏ మొహం పెట్టుకుని కోప్పడతాను? కొంగు నోట్లో కుక్కుకుని లేచి నిలబడ్డాను.

అప్పుడు ఆ ఏడుపు చూసి నవ్వడానికి బస్సెక్కి సూర్యాపేట దాకా పోయాం. ఇప్పుడది అందరి జేబుల్లోనూ ఉంది. నిజంగానే ఏడుస్తున్నాడని చెప్పిన నాయనమ్మ మాత్రం లేదు.

మీరూ ఎప్పుడన్నా నవ్వకూడని చోట నవ్వి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.