ఊరందరికీ ఒకటే తాళంచెవి

కల్లూరు ఆటోస్టాండు పక్కన నాగేంద్రమ్మ ఇంటర్నెట్ సెంటరు పెట్టినప్పుడు, శెట్టి గారి కోడలికి కంప్యూటర్లెందుకని నవ్వినవాళ్లు చాలామందే. రెండేళ్లు తిరిగేసరికి వాళ్లే పిల్లల పరీక్ష ఫలితాల కోసం ఆమె గుమ్మం ముందు వరుసకట్టారు. ఎవరైనా పెన్‌డ్రైవ్ తెస్తే, చెప్పులతో వంటింట్లోకి వచ్చినవాణ్ని చూసినట్టు చూసేది. వైరస్ పరీక్ష చేయనిదే దాన్ని కంప్యూటరుకు తాకనిచ్చేది కాదు.

అంత జాగ్రత్త మనిషి, ఒక్కచోట మాత్రం మహా ధారాళం. మెయిల్ సంగతి తెలియనివాళ్లందరికీ తనే ఖాతా తెరిచిపెట్టేది. అత్తింటి కొట్టు అలవాటు ఎక్కడికి పోతుంది? సెంటరు పేరుకు వరుస నంబరు తగిలించి ఒక్కొక్కరికి ఒక్కో ఐడీ ఇచ్చేది. పాస్‌వర్డ్ మాత్రం అందరికీ ఒకటే, మహానంది. దేవుడి పేరు గదా, మంచి జరుగుతుంది, మరిచిపోరు కూడా. చర్చికి పోయే లేవి పెద్దాయనకూ అదే ఇచ్చింది, ఆయనా కాదనలేదు. ఊరి తాళాలన్నీ తన కొంగునే ఉన్నాయని నాగేంద్రమ్మకు లోలోపల కొండంత గర్వం.

2007 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మహిమ రొప్పుతూ వచ్చింది. తల్లి భీమమ్మ కూలికి పోయి నర్సు చదువు చదివించిన పిల్ల.

"అక్కా, కడప ఆస్పత్రిలో నాకు ఉద్యోగం వచ్చిందంట. నాతో చదివిన హిమబిందు ఫోన్ చేసి చెప్పె. మెయిల్ పంపినారంట, ఈ పొద్దు అయిదు గంటల లోపల జవాబియ్యకపోతే ఇంకొకరికి ఇస్తారంట!"

మెయిల్ తెరిచారు. అందులో ఏమీ లేదు. గోడ గడియారంలో నాలుగుంబావు.

"వైరస్ తినేసిందేమో అక్కా" అంది మహిమ, ఏడుపు గొంతుతో.

"నా సెంటర్లోనా?" అని నాగేంద్రమ్మ కస్సుమంది. అయినా యాంటీవైరస్ రెండుసార్లు నడిపింది. ఏ పురుగూ దొరకలేదు. పొద్దున పెన్‌డ్రైవ్ తెచ్చినవాణ్ని కసితీరా తిట్టుకుంది. పాపం, వాడికేం తెలుసు.

పక్క కంప్యూటరు ముందు లేవి పెద్దాయన ఒక్క వేలితో టైపు చేసుకుంటూ గొణుగుతున్నాడు. "నాకూ ఇదే గోస ఉండాది నాగేంద్రమ్మా. కువైట్‌లో ఉండే మేనల్లుడు రాసేది ఒక్కటీ రాలేదు. మూడు దినాల నుంచి ఎవరివో ఇంగ్లీషు ఉత్తరాలొస్తాండాయి. తెలీనివి తెరవొద్దని నువ్వే చెప్తివి గదా, వచ్చినవి వచ్చినట్టు తుడిచేస్తాండా."

నాగేంద్రమ్మ ఒక్క అంగలో ఆయన వెనక్కి వచ్చి నిలబడింది. ఆయన నంబరు పద్దెనిమిది. తెర మీద ఉన్నది పదహారు. అది మహిమ నంబరు. ఆయన కళ్లజోడు చూస్తే చొక్కా జేబులోనే ఉంది.

"పెద్దాయనా, నువ్వు ఎవరింట్లో దూరినావో తెలుసా?"

"తాళం తెరుచుకుండె గదమ్మా" అన్నాడాయన అమాయకంగా.

ఆ మాటతో నాగేంద్రమ్మకు చెవులు వేడెక్కాయి. వైరస్ ఏ పెన్‌డ్రైవ్‌లోనూ రాలేదు. తప్పు తనదే. సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. తుడిచేసిన ఉత్తరాలు పడి ఉండే చెత్తబుట్ట తెరిచింది. ఆస్పత్రి ఉత్తరం అందులో చెక్కుచెదరకుండా ఉంది!

నాగేంద్రమ్మ చెప్పగా మహిమ అక్షరం అక్షరం కొట్టి జవాబు పంపింది. అయిదుకు పది నిమిషాలుంది. ముగ్గురూ తెరకేసి గుడ్లప్పగించి కూర్చున్నారు. అయిదుకు రెండు నిమిషాలుందనగా తిరుగు జవాబు వచ్చింది. సోమవారం వచ్చి చేరమన్నారు.

మహిమ నాగేంద్రమ్మను వాటేసుకుని గిరగిరా తిప్పింది. లేవి పెద్దాయన ప్రభువుకు స్తోత్రమంటూ చప్పట్లు కొట్టాడు. నాగేంద్రమ్మకు ఇంత సంతోషం సెంటరు తెరిచిననాడు కూడా లేదు.

"ముందు ఆ పాస్‌వర్డ్ మార్చు" అంది కళ్లు తుడుచుకుంటూ. "నీకు తప్ప ఎవరికీ తెలీనిది పెట్టు." అని గోడవైపు తిరిగి నిలబడింది.

"నువ్వు చూస్తే ఏమైతాది అక్కా? మరిచిపోతే మళ్ళీ నిన్నే గదా అడగాల."

"అడగొద్దు. నాకు తెలీకూడదు."

మీటలు టకటకమంటున్నాయి. ఎన్ని అక్షరాలో వేళ్ల మీద లెక్కపెట్టబోయి, నాగేంద్రమ్మ చటుక్కున రెండు చెవులూ మూసుకుంది. అయిపోయిందని మహిమ రెండుసార్లు పిలిచినా ఆమెకు వినపడలేదు.